నాలుగు వందల యాభై వాట్లు చాలన్నది నేనే

మా అమ్మాయి కంప్యూటరు ఆట మధ్యలో ఆరిపోయేది తను వైర్లు తప్పుగా బిగించినందుకేనని మా బంధువుల్లో ఇప్పటికీ ఒక మాట ఉంది. ఆ మాట పుట్టించింది నేను. అది అబద్ధం.

చెన్నై సౌకార్‌పేటలో నాకు ఇన్వర్టర్ల దుకాణం ఉంది. కొనడానికి వచ్చినవాళ్లు ఆరు ఫ్యాన్లు, పది లైట్లు అంటూ పెద్ద జాబితా చదువుతారు. "అన్నీ ఒకేసారి వేస్తారా?" అంటే నవ్వేస్తారు. సగానికి లెక్క కట్టి ఇస్తాను. ఇరవై ఐదేళ్లలో ఎవరూ తిరిగొచ్చి తిట్టలేదు. దాంతో కరెంటుతో నడిచే ప్రతిదానికీ ఈ సగం సూత్రమే చాలనుకున్నాను.

అమ్మాయి ఇంజనీరింగ్ మొదటి ఏట ఆటలాడే కంప్యూటరును తనే బిగించుకుంటానంది. నెల రోజులు కూర్చుని విడిభాగాల జాబితా రాసింది. పవర్ సప్లై దగ్గర ఆరు వందల యాభై వాట్లని రాసి, కింద గీత కూడా గీసింది.

"అంతెందుకమ్మా? మన ఫ్రిజ్జే అంత తినదు" అన్నాను.

"ఇది ఇన్వర్టర్ లెక్క కాదు నాయనా. ఆట మొదలైతే గ్రాఫిక్స్ కార్డూ ప్రాసెసరూ రెండూ ఒకేసారి లాగతాయి. కార్డయితే ఉండుండి ఇంకా ఎక్కువ లాగతాది. చుమ్మా, ఊరికే రాసినానా నేను?"

"సరి, సరి."

కొనే రోజు తనకు పరీక్ష. షాపుకు నేనొక్కడినే వెళ్లాను. కౌంటరు దగ్గరి మనిషి జాబితా చూసి, ఎవరో గానీ సరిగ్గా రాశారన్నాడు. నేను నాలుగు వందల యాభైది ఇమ్మన్నాను. రెండుసార్లు వద్దని చెప్పి చూశాడు. నాకే కరెంటు పాఠమా అనిపించింది. ఇంటికొచ్చి మాత్రం, "షాపతనే చూసి ఇది చాలన్నాడు" అన్నాను. రోజూ అవే అమ్మేవాళ్లు కదా అని అమ్మాయి నమ్మింది.

కంప్యూటరు వెలిగింది. సినిమా చూసినా, పాఠాలు రాసుకున్నా ఏ గొడవా లేదు. ఆటలో శత్రువులు గుంపుగా మీద పడగానే టప్పున ఆరిపోయేది. లోడు ఎక్కువై ఆరిపోతోందని ఇన్వర్టర్లు అమ్మేవాడికి వేరే చెప్పాలా? నాకు మొదటి రోజే అర్థమైంది. నోరు విప్పలేదు. తను మూడుసార్లు మొత్తం విప్పి బిగించింది.

ఆ వారమే మైలాపూరులో మా బావమరిది ఇంట్లో భోజనాలు. "ఏమ్మా, నీ రాకెట్టు ఎగిరిందా?" అని అతను అడిగాడు. అమ్మాయి జవాబు చెప్పేలోపే నేను అందుకున్నాను. "వీడియోలు చూసి వైర్లు బిగిస్తే యాడ ఎగురుతాది బావా?"

అందరూ నవ్వారు. తను తలెత్తకుండా అప్పడాన్ని పొడి పొడి చేస్తూ కూర్చుంది.

తన క్లాసులోని స్నేహితురాలికి కూడా ఒకటి బిగించి ఇస్తానని అంతకు ముందే మాటిచ్చింది. ఇంటికి రాగానే ఫోను చేసింది. "వద్దులేవే. నీది షాపులోనే బిగించమను. నా చేతికి ఇది రాదు."

ఫోను పెట్టేయగానే చెప్పేశాను. షాపతను ఏమన్నాడో, నేనేం కొన్నానో, నాకు ఎప్పుడు తెలిసిందో అన్నీ.

"మూడుసార్లు విప్పినా నాయనా" అంది. "నువ్వు ఈడే కూర్చోని చూస్తా ఉండినావు."

"ఉండినాను."

వంటింట్లోంచి మా ఆవిడ, "ఏమండీ, ఇన్వర్టరు కొన్నోళ్లకన్నా నిజం చెప్తా ఉండారా?" అంది.

మర్నాడే ఆరు వందల యాభైది తెచ్చాను. అమ్మాయి దాన్ని బిగించి, గంటసేపు శత్రువులను వరసబెట్టి చంపింది. లోపలి ఫ్యాన్లు హోరెత్తాయి గానీ కంప్యూటరు ఆరలేదు. అప్పుడు స్నేహితురాలికి మళ్లీ ఫోను చేసింది. "ఆదివారం సామాన్లన్నీ తీసుకొని రా. నేనే బిగిస్తా." పెట్టేసి నా వైపు తిరిగింది. "మామకి నువ్వే చెప్పాల. అందరూ ఉన్నప్పుడు."

తర్వాతి భోజనాల్లో చెప్పాను. బావమరిది నా వీపు తట్టాడు. "కూతుర్ని వెనకేసుకొస్తా ఉండావులే బావా, తెలవదా మాకు?"

అందరూ మళ్లీ నవ్వారు. అమ్మాయి నవ్వలేదు.

"ఇంకోసారి చెప్పు నాయనా" అంది.

ఇంకోసారి చెప్పాను.