పట్టుదారం గుచ్చిన పాదం

నా భర్త కుడిచెయ్యి పడిపోయిన కొన్ని నెలలకు, శ్రీశైలం నడిచి వస్తానని మల్లన్నకు మొక్కుకున్నాను. చెప్పుల్లేకుండా, బండెక్కకుండా, గద్వాలలో మా గడప దగ్గర నుంచి ఆయన గుడి దాకా. ఎవరూ నన్ను మొక్కమనలేదు. రాయచూరు దవాఖానలో రాసిచ్చిన మాత్రలయ్యాయి, ఊళ్లోవాళ్లు చెప్పిన తైలాలయ్యాయి. ఇక మిగిలింది నా కాళ్లే అనిపించింది.

మేం నేసే గద్వాల చీరలకు నడుమ నూలు, అంచులు పట్టు. ఆ రెండింటినీ పోగుపోగుకూ మెలేసి కలపాలి కాబట్టి మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుంటారు. పెళ్లయినప్పటి నుంచి అతనూ నేనూ అలా కూర్చున్నవాళ్లమే. పక్షవాతం వచ్చాక అతని చెయ్యి ఒళ్లో ఎవరో మరిచిపోయిన వస్తువులా పడి ఉండేది. సగం నేసిన చీర మగ్గం మీదే ఆగిపోయింది. కూలికి ఇంకొకరిని పెట్టుకోమన్నారు అందరూ. అతని చోట మరొకర్ని చూడడం నా వల్ల కాదు. ఆ చెయ్యి మళ్లీ ఆడాలి, అంతే. దేవుణ్ణి నేను వేరే ఏమీ అడగలేదు.

శివరాత్రికి ముందు మా వైపు నుంచి బయలుదేరే ఒక గుంపులో కలిశాను. బియ్యం, స్టవ్వు, పక్కబట్టలు వేసుకుని ఒక ఆటో మా వెనకే వచ్చేది. ధరూరు నుంచి వచ్చిన ఒక రైతు ఆడమనిషి నాకు జత కుదిరింది. నాకన్నా పెద్దది. ఏటా నడుస్తుందట. నన్ను చూడగానే నవ్వింది.

"మగ్గం గుంతల కాళ్లు వెట్టి కూసునేటోళ్లకు రోడ్డు ఏడ తెలుస్తది చెల్లె?"

"పొద్దంత తొక్కేది కాళ్లతోనే గదా అక్కా. నీ కాళ్లకంటే గట్టియే."

బీచుపల్లి చేరేసరికే నా బడాయి దిగిపోయింది. తొక్కేటప్పుడు నా కాళ్లు ఏనాడూ నా బరువు మొయ్యలేదని అప్పుడుగానీ తెలియలేదు. మర్నాడు కృష్ణ మీది వంతెన దాటుతుంటే లారీల గాలికి చీర కాళ్లకు చుట్టుకునేది. తారు కాలింది. సాయంత్రానికి కుడి అరికాల్లో పెద్ద బొబ్బ లేచింది.

నడిచేవాళ్లకు బొబ్బకు ఒక వైద్యం ఉంది. సూదికి నూలుదారం ఎక్కించి బొబ్బ ఈ పక్క నుంచి ఆ పక్కకు గుచ్చి, దారాన్ని అందులోనే వదిలేస్తారు. నీరంతా దారం వెంట దిగిపోతుంది. ధరూరు అక్క సూది, తెల్లదారం తీసింది. నేను వద్దన్నాను. మల్లన్న పాదాల దగ్గర పెడదామని, మగ్గం మీది ఎర్రపట్టు కొంచెం కొంగున ముడేసుకొచ్చాను. అందులోంచి ఒక పోగు తెంపాను.

"నూలుకు మైల తగుల్తది అక్కా. దేవుని దారిల పట్టే మడి."

"మడి దేవునికి గావాలె గానీ బొబ్బకెందుకే!"

నేను వినలేదు. సాలెదానికి దారం గురించి ఇంకొకరు చెప్పడమా అనుకున్నాను. పట్టు నీటిని లాగలేదు. నీరు లోపలే ఉండిపోయింది, పట్టు రంగూ లోపలికే దిగింది. వనపర్తి దాటేసరికి పాదం కందగడ్డలా ఉబ్బింది. జ్వరం కూడా తోడైంది, గోరుచుట్టు మీద రోకటిపోటులా. మడమ మీదా, వేళ్ల మీదా, ఎలా పడితే అలా ఈడ్చుకుంటూ నడిచాను. వేరుశనగ చేలల్లో పీకుడు పని చేసుకుంటున్న ఆడవాళ్లు లేచి మాకు దండాలు పెట్టేవాళ్లు. నాకు మాత్రం వాళ్ల పక్కన ఆ మట్టిలో కూలబడి ఏడవాలనిపించేది. ప్రతి అడుక్కీ అతని చెయ్యి కదులుతున్నట్టు ఊహించుకుని తర్వాతి అడుగు వేసేదాన్ని.

నాగర్‌కర్నూల్ ఇంకా కనుచూపు దూరంలో ఉందనగా కాలు నేల మీద ఆనలేదు. రోడ్డు పక్కన కూర్చుండిపోయాను. అందరూ ఆటో ఎక్కమన్నారు. ఎక్కితే మొక్కు చెడుతుంది. ఏం చెయ్యాలో తోచక ఇంటికి ఫోన్ చేశాను.

"కాలు వాచింది. బండెక్కమంటున్రు," అన్నాను.

"ఎక్కు మరి."

"ఎక్కితే నీ చెయ్యి రాదు."



"అది రాదే," అన్నాడు. "దవాఖానల డాక్టరు అప్పుడే చెప్పిండు. నువ్వప్పుడు మందులు తేను వోయినవ్. నీకు చెప్ప పాణమొప్పలే."

"మరి నన్నెందుకు పోనిచ్చినవ్?"

"తింటలేవు, పంటలేవు. మగ్గం దిక్కే జూసుకుంట కూసుంటివి. నడుస్త అన్ననాడు నీ మొకంల జర కళ వచ్చింది. ఎట్ల ఆపాలె నేను?"

"నీ నోట్ల మన్ను వడ!" అని అరిచి ఫోన్ పెట్టేశాను. అతని మీద అంత కోపం నాకెప్పుడూ రాలేదు. పట్టుకు బదులు ఆ తెల్లదారం గుచ్చుకుని ఉంటే కాలు వాచేది కాదు, ఈ ఫోనూ చేసేదాన్ని కాదు; ఇంకా కొన్నాళ్లు ఆ చెయ్యి నాకు ఉండేది. శ్రీశైలం దాకానైనా ఉండేది.

ధరూరు అక్క వచ్చి నా ముందు కూర్చుంది. నా చెంపలు తుడిచింది.

"ఏమన్నడు చెల్లె? ఇంటికాడ అంత మంచిదేనా?"

నిజం చెప్పడానికే నోరు తెరిచాను.

"వేళ్లు జర కదులుతున్నయంట అక్కా," అన్నాను.

ఆమె రెండు చేతులూ పైకెత్తి మొక్కింది. "మల్లన్న ఇన్నడు! ఈమె పెనిమిటి చెయ్యి కదిలిందంట!" అని గుంపంతటికీ వినపడేలా కేకేసింది. శివనామాలతో రోడ్డు దద్దరిల్లింది. ఎవరో నా పాదాలు తాకి కళ్లకద్దుకున్నారు. ఇక ఆటో మాటే లేదు. ఇద్దరు ఆడవాళ్లు చెరో చంకా పట్టి లేపారు. మొక్కు ఫలించిన మనిషినని నన్ను గుంపు ముందర నడవమన్నారు. నడిచాను.