బంగారు అక్షరాల అధ్యాయం

ఈ మాట నా కడుపులో పడి ఎన్నేళ్ళయిందో మా ఆయనకి కూడా తెలియదు. చెబుదామని రెండు మూడుసార్లు నోటిదాకా తెచ్చుకున్నాను. ప్రతిసారీ కూర మాడుతోందనో, ఫోన్ మోగుతోందనో ఏదో ఒక వంక దొరికింది. వంకలు వెతుక్కోవడంలో నాకు నేనే సాటి లెండి. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీ ముందు నోరు విప్పగలుగుతున్నాను.

నేను ఒక మనిషిని దారిలోంచి పక్కకి నెట్టేశాను. ఒకే ఒక్క మాటతో. వినేవాళ్ళకి అది ఆప్యాయంగా అనిపించే మాట. అసలు బాధంతా అక్కడే ఉంది.

నేను ఆక్లండ్‌లో ఒక యూనివర్సిటీలో చరిత్ర పాఠాలు చెబుతాను. మాది ఒంగోలు. మనవాళ్ళు ఇక్కడికొస్తే కంప్యూటర్సో, నర్సింగో, అకౌంట్సో చేస్తారు. క్రూసేడ్ రాజ్యాల్లో వర్తకులకిచ్చిన హక్కుల మీద పీహెచ్‌డీ చేస్తున్నానని చెబితే ఆంటీలు కాసేపు ఆలోచించి, దానికి పీఆర్, అదే ఇక్కడే ఉండిపోయే అనుమతి, ఇస్తారామ్మా అని అడిగేవాళ్ళు. ఇలాంటి పిచ్చి ఈ ఊళ్ళో నాకొక్కదానికే ఉందనుకునేదాన్ని. నేను చేరిన కొన్ని నెలలకే స్వరూప వచ్చింది. వరంగల్ పిల్ల, నాకన్నా చిన్నది. అదే డిపార్ట్‌మెంట్, అదే ప్రొఫెసర్, అదే పిచ్చి. మొదటి రోజే అక్కా అని పిలిచింది. హెండర్సన్‌లో నా ఫ్లాట్‌లో రెండో గది ఖాళీగా ఉంటే వచ్చి చేరిపోయింది.

మా పిచ్చి ఏమిటో కొంచెం చెప్పాలి, లేకపోతే నేను చేసిన పని మీకు అర్థం కాదు. క్రూసేడ్ల కాలంలో, అంటే తొమ్మిది వందల ఏళ్ళ కిందట, యూరప్ నుంచి వచ్చిన క్రైస్తవ సేనలు జెరూసలేంనీ, ఆ చుట్టుపక్కల తీరాన్నీ గెలుచుకుని రాజ్యాలు పెట్టుకున్నాయి కదా. రేవు పట్నాలు గెలవాలంటే ఓడలు కావాలి. ఆ ఓడలు ఇటలీ వర్తకులవి. వెనిస్ వాళ్ళు, జెనోవా వాళ్ళు, పీసా వాళ్ళు. వాళ్ళేమన్నా ఊరికే ఇస్తారా? రాజుల చేత హక్కులు రాయించుకున్నారు. పట్నంలో ఒక వీధి, ఒక చర్చి, ఒక రొట్టెల పొయ్యి, ఒక స్నానశాల, సరుకుల మీద సుంకం మాఫీ. టైర్ అనే రేవు పట్నంలో అయితే వెనిస్ వాళ్ళకి ఏకంగా మూడో వంతు రాసిచ్చారు. నా థీసిస్ ఆ మూడో వంతు మీద. స్వరూపది జెనోవా వాళ్ళ మీద.

ఫ్లాట్‌లో కూడా మాకు అదే గోల. ఫ్రిజ్‌లో పై అర వెనిస్‌ది, కింది అర జెనోవాది. నా పెరుగు పొరపాటున కింది అరలోకి వెళితే సుంకం కట్టాలని సగం తినేసేది. ఒవెన్ హక్కు తనదే. ఆదివారాలు అందులో కేకులు చేసి పక్క ఫ్లాట్ల వాళ్ళకి కూడా పంచేది. ఇంత నవ్వుకున్న మనిషిని నేనెలా ముంచగలిగాను? ఎన్నిసార్లు అడుక్కున్నా నాకు సమాధానం రాదు. లేక, వస్తుంది గానీ నేను విననా?

మా మధ్య ఒక అలవాటుండేది. నేను రాసిన ప్రతి అధ్యాయం ముందు తను చదవాలి, తను రాసింది నేను చదవాలి. స్వరూప చదవడమంటే మామూలు చదవడం కాదు, బియ్యంలో రాళ్ళేరినట్టు చదివేది. వెనిస్ వాళ్ళకి ఒక విచిత్రమైన హక్కుండేది. సరుకు అమ్మేటప్పుడు తమ కొలతలు వాడుకోవచ్చు, కొనేటప్పుడు మాత్రం రాజుగారి కొలతలు వాడాలి. నేను తెలివితక్కువగా దాన్ని తిరగేసి రాసి, దాని మీద ఒక అధ్యాయమంతా కట్టాను. స్వరూప కూర్చోబెట్టి, లాటిన్ వాక్యం మీద వేలు పెట్టి చూపించింది. ఆ అధ్యాయం మళ్ళీ రాసేదాకా నన్ను వదల్లేదు. అది అలాగే వెళ్ళుంటే థీసిస్ మీద ప్రశ్నలడిగే ఆఖరి పరీక్షలో, అదే వైవాలో, నా పరువు గంగలో కలిసేది. తను నా పరువు అలా కాపాడింది.

మూడో ఏడు మా ప్రొఫెసర్ ఆరోగ్యం బాగోలేక రిటైరైపోయారు. ఆయన స్థానంలో మమ్మల్ని చూసుకున్నావిడ చాలా మంచి మనిషి. కానీ ఆవిడ చదువంతా న్యూజీలాండ్ చరిత్రే. మా విషయం మీద ఎవరు ఏం రాశారో ఆవిడకి తెలిసే వీలు లేదు. అంటే మాకు మేమే దిక్కు. నాకు స్వరూప, స్వరూపకి నేను.

అప్పుడే డిపార్ట్‌మెంట్‌లో పాఠాలు చెప్పే ఉద్యోగం ఒకటి వస్తుందని తెలిసింది. ఒక్కటే. ఆ లోపు డాక్టరేట్ చేతికొచ్చినవాళ్ళే అర్హులు. ఇద్దరికీ వీసాలు అయిపోవస్తున్నాయి. ఇద్దరం అప్లై చేద్దాం, ఎవరికొచ్చినా రెండోవాళ్ళకి ఒక ఏడాది ఇంట్లో చోటివ్వాలి అని స్వరూప నవ్వుతూ షరతు పెట్టింది. నేనూ నవ్వాను. తను ట్యుటోరియల్ చెబితే పిల్లలు గది బయట కూడా నిలబడి వినేవాళ్ళు. నేను చెబితే ఫోన్లు చూసుకునేవాళ్ళు. ఆ ఉద్యోగం ఎవరికొస్తుందో నాకు బాగా తెలుసు.

ఇక అసలు సంగతి. స్వరూప థీసిస్‌కి గుండెకాయలాంటి అధ్యాయం ఒకటుంది. జెరూసలేంలో క్రీస్తు సమాధి ఉన్న చర్చిలో, తమకిచ్చిన హక్కులన్నీ బంగారు అక్షరాలతో చెక్కించి పెట్టారని జెనోవా వాళ్ళు చెప్పుకునేవారు. తర్వాత ఒక రాజు దాన్ని తీయించేశాడని పోపుగారికి మొర పెట్టుకున్నారు. ఇప్పుడక్కడ ఆ శాసనం లేదు. అందులోని మాటలు మాత్రం జెనోవా వాళ్ళ దగ్గర మిగిలాయి. ఆ మాటల్ని పూర్తిగా నమ్మి, వాటి మీదే స్వరూప తన వాదన నిలబెట్టింది. ఎంత అందంగా రాసిందనుకున్నారు!

నాకు జర్మన్ వచ్చు. సాయంత్రం క్లాసులకి వెళ్ళి నేర్చుకున్నాను. స్వరూపకి రాదు. నా వెనిస్ అధ్యాయానికి ఏదో చిన్న ఆధారం వెతుకుతుంటే జర్మన్‌లో ఒక పాత వ్యాసం కనిపించింది. ఆ బంగారు శాసనమే అనుమానమట. ఆ హక్కుల్ని జెనోవా వాళ్ళే తర్వాతి కాలంలో కల్పించుకుని ఉంటారట. అందరూ ఒప్పుకున్న మాట కాదది, కాదని వాదించినవాళ్ళూ ఉన్నారు. కానీ ఈ విషయం మీద థీసిస్ రాసేవాళ్ళు ఆ వాదనకి జవాబివ్వకుండా ముందుకెళ్ళడానికి వీల్లేదు. నాకు భయమేసింది. ముందు తన కోసమే, ఒట్టు. ఇంటికెళ్ళగానే చెప్పాలనుకున్నాను.

ఇంటికెళ్ళేసరికి స్వరూప వంట చేస్తోంది. అన్నం తిన్నాక చెబుదామనుకున్నాను. తిన్నాక, రేపు చెబుదామనుకున్నాను. మర్నాడు తను ఆ అధ్యాయంలోంచి ఒక పేజీ చదివి వినిపించింది. వింటూ నేను అనుకున్నదేమిటో తెలుసా? ఇది నా దానికన్నా బాగుంది. అంతే. ఆ తర్వాత చెప్పడం నాకు కష్టమైపోయింది. మరిచిపోయానని అనడానికి లేదు, తీరిక దొరకలేదని అనడానికీ లేదు, ఎందుకంటే వారాల తరబడి నేను ఆ వ్యాసం గురించి తప్ప మరో దాని గురించి ఆలోచించలేదు. తనే వెతుక్కుంటుందిలే అని ఒకసారి, పరీక్ష చేసేవాళ్ళు అంత పట్టించుకోరులే అని ఒకసారి నన్ను నేను బుజ్జగించుకున్నాను. నా మొహం. పట్టించుకుంటారని నాకు తెలుసు. పట్టించుకోవాలనే కోరుకున్నాను.

స్వరూప థీసిస్ ఇవ్వడానికి ముందు ఆదివారం. మధ్యాహ్నం. ఒవెన్‌లో కేకు పెట్టి, చేతులు తుడుచుకుంటూ వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"అక్కా, ఒక్కటే అడుగుత. ఆ బంగారు శాసనం మీద ఎవరన్న ఏమన్న రాసిన్రా? నీకేమన్న కనపడ్డదా? ఉంటే ఇప్పుడే చెప్పు, ఆపుత."

"ఏం లేదే. బాగుంది. ఇచ్చెయ్."

"నిజంగ మంచిగుందా?"

"చాలా బాగుంది."

ఇదండీ ఆ మాట. పైకి చూస్తే అందులో ఏ చెడూ లేదు. తను లేచి నన్ను కావలించుకుని మళ్ళీ ఒవెన్ దగ్గరికి వెళ్ళిపోయింది.

వైవాలో విదేశం నుంచి స్క్రీన్ మీద కూర్చున్న పరీక్షకుడు మొదట అడిగిందే ఆ వ్యాసం గురించి. తను చూడలేదని చెప్పింది. తర్వాత ప్రశ్నలన్నీ దాని చుట్టూనే తిరిగాయట. పాస్ చెయ్యలేదు, మొత్తం తిరగరాసి ఒక ఏడాదిలో ఇమ్మన్నారు. ఇంటికొచ్చి ఏడుస్తుంటే నేను వీపు నిమిరాను. అవును, ఈ చేత్తోనే. పైగా తనే నన్ను ఓదార్చింది. అక్కా, నీక్కూడా కనపడలేదంటే అది ఎంత మూలన పడుందో చూడు, నువ్వు బాధపడకు అంది. అప్పుడన్నా చెప్పొచ్చుగా? చెప్పలేదు.

స్కాలర్‌షిప్ అయిపోయింది. వీసా గడువు దగ్గరపడింది. తిరగరాస్తూ కూర్చునే వీలు లేక, ఓడరేవు దగ్గర సరుకులకి కస్టమ్స్ క్లియరెన్స్ చేసే ఒక ఆఫీసు వాళ్ళు వర్క్ వీసా ఇప్పిస్తామంటే అందులో చేరింది. ఏ సరుకుకి సుంకం పడుతుందో, దేనికి మినహాయింపో చూడటమే పని. నా థీసిస్ పాసైంది, ఆ ఉద్యోగం నాకొచ్చింది. ఇప్పుడు హాబ్సన్‌విల్‌లో ఇల్లు, గోడ మీద డిగ్రీ, అన్నీ ఉన్నాయి. ప్రతి ఏడూ నేను చెప్పే పాఠాల్లో ఒకటి ఆ బంగారు శాసనం గురించే. హక్కు పత్రం చూడగానే నమ్మొద్దు, అది ఎవరికి లాభమో ముందు అడగండి అని పిల్లలకి చెబుతాను. ఆ మాట చెబుతున్నప్పుడల్లా నా గొంతు నాకే అబద్ధంగా వినపడేది. సిగ్గులేకుండా అలాగే చెప్పుకుంటూ వచ్చాను.

స్వరూప పెళ్ళి చేసుకుని నగరానికి ఆ చివర టకానినిలో స్థిరపడింది. ఒక పాప. తను నన్ను వదల్లేదు, అదీ నా ఖర్మ. పండగలకి పిలుస్తుంది, పచ్చళ్ళు పంపిస్తుంది. ఎవరొచ్చినా నన్ను చూపించి, అందరూ నా థీసిస్ పనికిరాదన్నప్పుడు అక్క ఒక్కతే మంచిగుందన్నది అని చెబుతుంది. అది విన్నప్పుడల్లా నేను ప్లేటు పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని.

ఈమధ్య ఫోన్ చేసింది. పాప పెద్దదవుతోంది, మళ్ళీ చేరి ఆ థీసిస్ పూర్తి చేస్తాను అంది. ముందు నువ్వే చదవాలక్కా, నేనెక్కడ తప్పు చేసిన్నో నువ్వే చెప్పాలె అంది. సరేనన్నాను. ఫోన్ పెట్టేశాక స్టవ్ ముందు అలా నిలబడిపోయాను. మళ్ళీ అదే కుర్చీలో కూర్చుని, అదే మనిషికి, అదే అధ్యాయం చదివి పెట్టాలా? ఈసారి నా వల్ల కాదు.

ఆ జర్మన్ వ్యాసం మొత్తం కూర్చుని ఇంగ్లీషులోకి మార్చాను. దానికి వచ్చిన జవాబుల్ని కూడా వెతికి జత చేశాను. మొన్న శనివారం మోటార్‌వే మీద టకానిని దాకా డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళాను. స్వరూప టీ పెట్టింది. కాగితాలు బల్ల మీద పెట్టి చెప్పేశాను. ఇది నాకు నువ్వు అడగక ముందే దొరికింది, తెలిసే లేదన్నాను, ఆ ఉద్యోగం కోసమే అలా చేశాను అని. మధ్యలో ఏడుపొచ్చింది గానీ ఆపుకున్నాను. ఏడిస్తే ఓదార్చే మనిషి తను.

స్వరూప కాగితాలు దగ్గరికి లాక్కుంది. మొదటి పేజీ చదివింది. తర్వాత తలెత్తకుండానే అడిగింది.

"మంచిగుందన్నవ్ గదక్కా. అదన్న నిజమేనా?"

తిడుతుందనుకున్నాను. వెళ్ళిపొమ్మంటుందనుకున్నాను. ఈ ప్రశ్న వస్తుందనుకోలేదు. నిజమే. అది చాలా బాగుంది, నా దానికన్నా బాగుంది, అందుకే చెప్పలేదు. ఈ మాట కూడా చెప్పాను. కానీ ఎందుకు నమ్మాలి తను? శాసనంలో ఒక్క వాక్యం దొంగదని తేలితే మిగతావన్నీ అనుమానంతోనే చదవాలని పిల్లలకి చెప్పేది నేనేగా. ఇన్నేళ్ళూ తను పట్టుకుని నిలబడ్డ ఆ ఒక్క మాటని కూడా నేనే లాగేసుకున్నాను. థీసిస్ పోగొట్టినదానికన్నా ఇది పెద్ద తప్పేమో, నాకు తెలియడం లేదు.

పాపని స్విమ్మింగ్ నుంచి తీసుకురావాలని లేచింది. గుమ్మం దాకా వచ్చింది. ఎప్పుడూ అనే మళ్ళీ రా అక్కా అనే మాట అనలేదు. నన్ను క్షమించమని నేనూ అడగలేదు. అడిగితే, కాదనలేక క్షమించేస్తుంది. తన మంచితనాన్ని ఇంకోసారి వాడుకోవాలనిపించలేదు.

స్వరూప నుంచి ఇంతవరకూ కబురు లేదు. రాకపోవచ్చు కూడా. కాగితాలు మాత్రం వెనక్కి పంపలేదు. నిన్న క్లాసులో ఆ బంగారు శాసనం పాఠమే వచ్చింది. ఎప్పటిలాగే చెప్పాను, ఇది ఎవరికి లాభమో ముందు అడగండి అని. ఇన్నేళ్ళలో మొదటిసారి నా గొంతు నాకు అబద్ధంగా వినపడలేదు.