కంప్యూటర్లున్న దవాఖానా

చండ్రుగొండ దగ్గర మా ఊళ్లో ఓ టీవీ సీరియల్ షూటింగ్ జరిగింది. మూతబడ్డ బడిని ఆసుపత్రిగా మార్చి, ప్రచారం కోసం ఒక కంపెనీ ఇచ్చిన కొత్త కంప్యూటర్లు వరసగా పెట్టారు. నాకు నర్సు వేషం వేసి, కెమెరాకు వాటి మీది కంపెనీ పేరు కనబడకుండా అడ్డం రావొద్దన్నారు.

షాట్ మధ్యలో ఒకాయన భార్యను ఎత్తుకొని పరుగెత్తుకొచ్చాడు. "సిస్టరమ్మా, పాము కుట్టింది! జల్దీ సూదెయ్యమ్మా!"

"అన్నా, ఇది దవాఖానా కాదు, షూటింగ్."

"గిన్ని కంప్యూటర్లున్నయి, కాదంటవేంది?" అంటూ కూలబడ్డాడు.

వెంటనే యూనిట్ జీపులో కొత్తగూడెం బయల్దేరాం. నా ఒళ్లో తల పెట్టుకున్న ఆమె, "సిస్టరమ్మా, నేను బతుకుతనా?" అని అడిగింది.

"బతుకుతవ్ చెల్లె" అన్నాను.

దారిలోనే ప్రాణం పోయింది. ఆ మాట నిజమైన నర్సే చెప్పిందనుకుంటూ ఆమె కళ్లు మూసింది.