వదిన తెడ్డు వేసిన రోజు

మా ఆయనకు హన్మకొండలో ప్లాస్టిక్ సామాన్ల దుకాణం ఉంది. బకెట్లు అమ్మే మనిషికి పడవతో ఏం పని అని నేను అడగలేదు. ధర్మసాగర్ చెరువులో చేపలు పట్టే చిన్ననాటి స్నేహితుడితో కలిసి, వెనక పెట్రోలు మోటారు బిగించిన పాత పడవ కొన్నారు. స్నేహితుడు వల వేయడానికి, మా ఆయన నలుగురికీ చెప్పుకోవడానికి.

ఆ వానాకాలం స్నేహితుడికి మోకాలి నొప్పి వచ్చి పడవ ఒడ్డునే ఉండిపోయింది. ట్యాంకులో సగం పెట్రోలు మిగిలింది. మా ఆయన వారానికోసారి వెళ్లి మోటారుకు కవరు సరిచేసి, ట్యాంకు మూత మీద గాలి కోసం ఉండే చిన్న మరను మాత్రం వదులుగా ఉంచి వచ్చేవారు. పెట్రోలుకు ఊపిరాడాలని ఆయన నమ్మకం.

వానలు తగ్గాక నర్సంపేట నుంచి మా వదిన, అంటే ఆయన అక్క, వచ్చింది. ఆదివారం పొద్దున మా ఆయన మమ్మల్నిద్దరినీ పడవ ఎక్కించారు. మోటారు మొదట బాగానే నడిచింది. చెరువు మధ్యకు వెళ్లేసరికి నాలుగుసార్లు దగ్గి ఆగిపోయింది. ఆయన తాడు గుంజారు. చొక్కా తడిసేదాకా గుంజుతూనే ఉన్నారు. వదిన నిమ్మళంగా టిఫిను డబ్బా విప్పింది.

"తమ్మీ, జర తిని గుంజు."

"బంకోడు నీళ్లు కలిపిండక్కా."

"మూడు నెలల కింద పోయించుకున్నవ్. ఇయ్యాల వాన్ని తిడుతున్నవా?"

తిన్నాక వదినే తెడ్డు అందుకుంది. పత్తి చేలలో కాయకష్టం చేసిన చేతులు ఆమెవి, కానీ తెడ్డు పట్టడం అదే మొదలు. పడవ ఉన్నచోటే రెండు చుట్లు తిరిగి, తర్వాత ఆమె మాట విన్నది. మా ఆయన పడవ ముందువైపు కూర్చుని ఎటు పోవాలో చెయ్యి చూపించారు. ఒడ్డు మా అందరికీ కనబడుతూనే ఉంది.

మర్నాడు ఖిలా వరంగల్ దగ్గర పంపుసెట్లు బాగుచేసే చాచాను తీసుకొచ్చారు. చాచా ట్యాంకు అడుగునుంచి కొంచెం పెట్రోలు తీసి గాజు సీసాలో పోసి, గట్టు మీద నిలబెట్టారు. కాసేపటికి సీసాలో రెండు పొరలు తేరాయి. పైన లేత పసుపు, కింద నీళ్లలా తెల్లటిది.

"చూసినవా, నీళ్లే. నేను చెప్పలే?" అన్నారు మా ఆయన, గెలిచినట్టు.

"నీళ్లే సేటు. కానీ బంకోడు పోయలే, నువ్వే పోసినవ్," అన్నారు చాచా. "ఇప్పటి పెట్రోల్ల ఇథనాల్ కలుపుతున్నరు. అది గాలిల తేమను గుంజుకుంటది. సగం ట్యాంకు ఖాళీ, పైన మర ఖుల్లా, మూడు నెలల వాన. తాగి తాగి, ఇగ పట్టక, నీళ్లూ ఇథనాలూ కలిసి అడుగుకు దిగినయ్. ఇంజను పైపు గుంజేది అడుగునుంచే."

"గాలి ఆడాలె గదా చాచా?"

"ఇంజను నడిచేటప్పుడు ఆడాలె. నిలబెట్టినప్పుడు బిగించాలె. ఇది పెట్రోలు సేటు, పసిపిల్ల గాదు."

నేను నవ్వు ఆపుకోవడానికి చెరువు వైపు తిరిగాను.

పాత పెట్రోలును మా ఆయన గట్టు మీద పారబోయబోతే చాచా చెయ్యి పట్టుకున్నారు. వరంగలంతా తాగే నీళ్లవి. దాన్ని డబ్బాలో పట్టి తనతో తీసుకుపోయారు. కార్బొరేటర్ విప్పి కడిగారు. మెత్తబడ్డ రబ్బరు పైపు మార్చి, పెట్రోలు వచ్చే దారిలో నీళ్లను వేరుచేసే ఫిల్టరొకటి బిగించారు. పడవ వాడకపోతే ట్యాంకు ఖాళీ చేసి పెట్టమని, వాడేటప్పుడు తాజాగా పోసుకోమని చెప్పారు.

ఇప్పుడు మా ఆయన బండిలో ఎప్పుడూ ఒక గాజు సీసా ఉంటుంది. మొన్న నా స్కూటీ పెట్రోలు కూడా సీసాలో పట్టి, బాల్కనీలో పెట్టి గంటసేపు కాపలా కాశారు. ఒకటే పొర వచ్చింది. కొంచెం నిరాశపడ్డట్టే అనిపించింది. పడవ మాత్రం బాగా నడుస్తోంది. పోయిన ఆదివారం ఆవలి ఒడ్డుకు తీసుకెళ్లారు. దారి పొడుగునా మాట్లాడకుండా మోటారు చప్పుడే వింటూ కూర్చున్నారు. ఆయన అంతసేపు మౌనంగా ఉండటం పెళ్లయ్యాక నేను చూడలేదు.