అక్క వంతు

ఆగస్టులో ఒక ఉదయం తోటలో మూడో మోటరు దగ్గర ఉన్నప్పుడు ఫోన్లో వార్త వచ్చింది. రాసేవాళ్ళ గ్రూపులో ఎవరో చేతులు జోడించిన బొమ్మ పెట్టి, కింద 'అక్షరమాత ఇక లేరు' అని రాశారు. ఎవరు పోయారో నాకు అర్థం కాలేదు. ఆ పేరుతో మేం పిలిచే మనిషి ఎవరూ లేరు. కాసేపటికి అక్క గదిలోనే ఉండే నర్సు ఫోన్ చేసింది. "అన్నయ్యా, అక్క పోయింది. డ్యూటీ దిగొచ్చి పడుకుంది, మళ్ళీ లేవలేదు. గుండె అన్నారు." ఆ మాట అర్థమైంది.

సాయంత్రానికి గ్రూపు నిండా పూలు, దీపాలు, కవితలు. బతికుండగా అక్షరమాత అని పిలిచి ఉంటే, "నాకు ఇద్దరు ఆడపిల్లలున్నారు, చాల్లే" అనేది. ఫోన్ విసిరి కొట్టాలనిపించింది. కొట్టలేదు. పనిలోకి వెళ్ళాను.

అక్క పాలకొల్లు వైపు మనిషి. అల్ ఐన్‌లో ఆసుపత్రి నర్సు. మా తోట యజమాని తల్లి చాలా రోజులు ఆమె వార్డులో ఉంది. ముసలావిడ లేచి నడిచి ఇంటికి వెళ్ళిన రోజు ఆయన అక్కను ఏం కావాలో అడగమన్నాడట. ఇంకొకరైతే ఏం అడిగేవారో తెలియదు. అక్క ఏడాదికి రెండు రోజులు ఖర్జూరం తోట అడిగింది. నవలలు రాసుకునేవాళ్ళం కూర్చుని దిద్దుకుంటాం అని చెప్పింది. అరబ్బు ఆయనకు ఏం అర్థమైందో గానీ ఒప్పుకున్నాడు. అలా కరోనా తగ్గిన ఏడాది నవంబరులో, ఎండ మెత్తబడ్డాక, దుబాయ్ నుంచి, అబుదాబి నుంచి నాలుగు కార్లలో రచయితలు దిగారు.

గేటు తీసింది నేను. టీ పెట్టింది కూడా నేనే. జగిత్యాల దగ్గరి పల్లె నాది, పదో తరగతి చదివాను. తోటకు రాకముందు అబుదాబి దగ్గర మఫ్రఖ్ లేబర్ క్యాంపులో ఉన్నాను. అక్కడ నా పక్క మంచం మనిషి మీద మూడు నోట్‌బుక్కుల నవల రాసి పెట్టుకున్నాను. రచయితల సంఘం కార్యదర్శి గారి దగ్గరికి వెళ్ళి అడిగాను.

"సార్, నేను సుత ఒక నవల రాసిన. కూసోవచ్చా?"

"రిజిస్ట్రేషన్ అయిపోయింది బాబూ. వచ్చే ఏడాది చూద్దాం."

నీళ్ళ కాలువ పక్కన ఖర్జూరం డబ్బా బోర్లించి, దాని మీద కూర్చుని మేజోళ్ళు విప్పుతున్న ఒకావిడ తలెత్తింది. "గేటు తాళం ఎవరి దగ్గరుందండీ?"

"ఇతని దగ్గరే మేడమ్."

"తాళం ఉన్న మనిషిని బయట పెట్టి మనం లోపలెలా కూర్చుంటాం? రావయ్యా తమ్ముడూ. టీ ఎవరికి కావాలంటే వాళ్ళే పోసుకుంటారు."

అదే అక్కను మొదట చూడటం. కార్యదర్శి గారు నవ్వి కుర్చీ చూపించారు. ఆయన చెడ్డ మనిషి కాదు. పేజీలన్నీ సొంత ఖర్చుతో అచ్చు తీయించి తెచ్చేవారు, కారు లేనివాళ్ళను ఎక్కించుకొచ్చేవారు. ఇది కూడా రాయకపోతే అక్క ఊరుకోదు.

ఆ రెండు రోజులూ ఆమె నడిపిన పద్ధతి ఇంకెక్కడా చూడలేదు. వార్డులో ఒక నర్సు దిగి ఇంకో నర్సు ఎక్కేటప్పుడు, మంచం మంచం దగ్గర నిలబడి ఆ రోగి సంగతి అప్పజెప్పాలి. దాన్ని ఛార్జ్ ఇవ్వడం అంటారు. అక్క మా చేత అధ్యాయాలకు ఛార్జ్ ఇప్పించేది. ముందు అందరి ముందు చదవాలి. తర్వాత నోట్‌బుక్కు మూసి చెప్పాలి. ఎవరొచ్చారు, వాళ్ళకేమైంది, ఇంకా ఏం మిగిలింది. మిగిలింది ఏమిటో వినేవాళ్ళు రాసుకోవాలి. రాసుకోవడానికి ఏమీ లేకపోతే ఆ అధ్యాయం అక్కడితో చచ్చినట్టే.

నా వంతు వచ్చింది.

"మనిషి చాన బాధల ఉన్నడక్కా."

"బాధలో ఉన్నాడంటే నేనేం చెయ్యాలి? అన్నం తిన్నాడా?"

"తినలే."

"పడుకున్నాడా?"

"లే. బూట్లు ఇడువకుంట మంచం మీద కూసున్నడు."

"అది రాశావా?"

"రాయలే. గుండె బరువెక్కింది అని రాసిన."

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. "గుండె బరువెక్కితే అంబులెన్సు పిలవాలయ్యా. బూట్లు రాయి."

మధ్యాహ్నం చివరి అధ్యాయానికి వచ్చాం. నా నవలలో ఆ మనిషి విమానం కిటికీలోంచి కింద ఇసుకను చూస్తూ ఊరికి వెళ్ళిపోతాడు.

"నిజంగా వెళ్ళాడా?"

"పోయిండు."

"ఎలా వెళ్ళాడు?"

నోట్‌బుక్కు కింద పెట్టాను. ఆమె తొందరపెట్టలేదు.

"పెట్టెల."

"పెట్టెలో వెళ్ళిన మనిషికి కిటికీ పక్క సీటిచ్చావేంటయ్యా? ఎవరి కోసం?"

"ఆయన భార్య సదువుతదేమోనని."

"ఆవిడకి తెలుసు. ఆ పెట్టె దించుకుంది ఆవిడే."

ఒళ్ళు మండింది. లేచి బయటికి వచ్చేశాను. మర్నాడు పొద్దున కూడా లోపలికి వెళ్ళలేదు, మోటరు వేసి కాలువలు మళ్ళిస్తూ తిరిగాను. అక్క వచ్చి డబ్బా మీద కూర్చుని కాళ్ళు నీళ్ళలో పెట్టింది. పన్నెండు గంటలు నిలబడే ఉద్యోగం, కాళ్ళు ఎప్పుడూ వాచి ఉండేవి.

"కోపమొచ్చిందా?"

"వచ్చింది."

"మంచిది. కోపంతో రాయి. కోపమొచ్చిందని రాయకు."

రెండేళ్ళు తిరగరాశాను. పెట్టెను పెట్టెగానే రాశాను. ప్రతి నవంబరులో ఆమె నా పేజీలు తిప్పేది. బాగుంది అనే మాట ఆమె నోట ఎన్నడూ వినలేదు. నమ్మని చోట అంచున ఎర్ర పెన్నుతో ఒక చుక్క పెట్టేది, అంతే. చుక్క లేకుండా పేజీ తిరిగితే మాకు పండగ. టీని చల్లారబెట్టి నీళ్ళలా ఒక్క గుక్కలో తాగేది. వార్డులో వేడి టీ తాగే తీరిక ఎప్పుడు దొరికింది గనక అనేది. ఒక నియమం మాత్రం ఎవరి కోసమూ సడలించలేదు. అందరి ముందు చదివి వినిపించని పేజీ మీద పెన్ను పెట్టకూడదు. "మనిషిని చూడకుండా మందు రాసినట్టు" అనేది.

ఆమె కూడా ఒక నవల రాస్తోందని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. తొమ్మిదేళ్ళుగా రాస్తోందట, డ్యూటీకీ డ్యూటీకీ మధ్య. పోయే ముందటి నవంబరులో మొదటిసారి నోట్‌బుక్కు తెచ్చింది. రెండో రోజు, టీ తర్వాత చివరి వంతు తనకు పెట్టుకుంది.

ఆ వంతు రాలేదు. కార్యదర్శి గారి అధ్యాయం గంట దాటింది. అబుదాబి నుంచి ఒక అతిథి వచ్చారు, శాలువా, మాటలు. నేనూ తక్కువ తినలేదు. నా పేజీలో పెట్టిన ఒక్క చుక్క మీద ఇరవై నిమిషాలు వాదించాను. ఆ ఇరవై నిమిషాలు ఆమెవి. తర్వాత ఎవరో ఎండ బాగుంది, గ్రూపు ఫోటో దిగుదాం అన్నారు. అందరూ లేచారు. అక్క నోట్‌బుక్కు సంచిలో పెట్టుకుంది.

"వచ్చే ఏడాది మొదటి వంతు నాదే. రాసుకోవయ్యా తమ్ముడూ."

మోటరు గది గోడ మీద బొగ్గుతో రాశాను. 'మొదటి వంతు అక్కది.'

సెప్టెంబరులో దుబాయ్‌లో సంతాప సభ జరిగింది. ఆమె ప్రశాంతంగా సొంత గడ్డకు చేరుకుంది అని ఒకాయన మైకులో అన్నాడు. ఆమె కార్గోలో వెళ్ళింది. కాగితాలన్నీ అయ్యేసరికి ఆరు రోజులు పట్టింది. సభలో ఆ ఆరు రోజుల మాట ఎవరూ ఎత్తలేదు. అందరూ కిటికీ పక్క సీటే ఇచ్చారు.

అక్టోబరులో కార్యదర్శి గారు ఫోన్ చేశారు.

"మన మేడమ్ నవల నవంబర్లోనే విడుదల చేస్తున్నామండీ. చివరి భాగం లేదు, నేను పూర్తి చేస్తున్నాను. కథలో సిస్టర్ ఉద్యోగం మానేసి ఊరెళ్ళి, వాకిట్లో కూతుళ్ళ మధ్య కూర్చుంటుంది. బాగా వచ్చింది. ఆసుపత్రి గొడవ కూడా కొంత తగ్గించాను."

"నోట్‌బుక్కు మీ తాన ఉన్నదా సార్?"

"ఆ రూమ్మేట్ అమ్మాయి ఫోటోలు తీసి పంపింది."

"మంది ముంగట సదవకుంటనే దిద్దుతున్రా?"

"ఆవిడే లేరు కదండీ. ఎవరు చదువుతారు?"

"నేను సదువుత."

"మీ ఆవేదన నాకు అర్థమవుతుంది..."

"ఆవేదన కాదు సార్, కోపం."

"సరే. మీరు ఆవిడ మీద స్మృతి ఒక పేజీ రాసివ్వండి. కొంచెం మెత్తగా ఉండాలి."

"రాస్త. గని ముందుగాల అక్క వంతు గావాలె. గోడ మీద రాసి పెట్టిన. కాదంటె గేటు తియ్య."

"అది మీ తోట కాదుగా?"

"కాదు. తాళం నా తాన ఉన్నది."

తోట యజమానిని ముందే అడిగాను. ఆ సిస్టర్ మాట మీద ఇచ్చాను, ఇక నువ్వే చూసుకో, ఖలాస్ అన్నాడు.

నవంబరులో కార్లు వచ్చి గేటు బయట ఆగాయి. కార్యదర్శి గారు దిగి నా దగ్గరికి వచ్చారు. "మొదటి వంతు ఆవిడదే. తియ్యండి" అన్నారు. తీశాను. రూమ్మేట్ బస్సులో వచ్చింది, నోట్‌బుక్కును దిండు గలీబులో చుట్టి తెచ్చింది. అంతకుముందే నేను కాలువ పక్కన డబ్బా బోర్లించి, మోటరు వేసి ఉంచాను. కుర్చీలు దాని చుట్టూ వేశాం.

చివరి మూడు అధ్యాయాలు చదివాను. ఆమె రాత గుండ్రంగా, మందుల చీటీలకు అలవాటైన చేతి రాత. ఎక్కడా గుండె బరువెక్కలేదు. మంచాలు, దుప్పట్లు, ఎవరు తిన్నారు, ఎవరు వాంతి చేసుకున్నారు, ఎవరి కొడుకు ఫోన్ ఎత్తలేదు. ఆఖరి పేజీలో నర్సు డ్యూటీ దిగి గదికి వస్తుంది. మంచం మీద కూర్చుంటుంది. ఒక బూటు లేసు విప్పుతుంది. అక్కడ ఆగిపోయింది. రెండో బూటు రాయలేదు.

నోట్‌బుక్కు మూశాను. పద్ధతి ప్రకారం అన్నాను, "మిగిలింది ఏందో రాసుకోండ్రి."

పెన్నులు చేతుల్లోనే ఉన్నాయి. మిగిలింది ఏమిటో అందరికీ తెలుసు, ఎవరూ రాయలేదు. కార్యదర్శి గారు ఒళ్ళో ఉన్న తన ముగింపు టైపు కాగితాలు మడిచి సంచిలో పెట్టారు. వాటిని చించారా, దాచారా, నాకు తెలియదు. పుస్తకం ఇంకా రాలేదు. అందులో వాకిలి, కూతుళ్ళు ఉంటే నేను మళ్ళీ ఊరుకోను.

నీళ్ళ చప్పుడు అప్పుడు వినపడింది. తోటలో పదేళ్ళుగా పనిచేస్తున్నాను, మోటరు ఆపడం మరిచిపోవడం అదే మొదటిసారి. కాలువ పొర్లింది. చెట్ల పాదులు నిండి నీళ్ళు కుర్చీల కిందికి వచ్చాయి. ఎవరూ కాళ్ళు తీయలేదు. ఖాళీ డబ్బా ఒక పక్కకు లేచి, మెల్లగా కదిలి, మళ్ళీ నేలకు ఆనింది.