మస్కట్ దాకా పోయి వచ్చిన మాత్రలు

జూలై 14, సోమవారం. మొన్న శనివారం జగిత్యాల నుంచి కోరుట్ల మీదుగా సిరిసిల్ల వెళ్లి, నిన్న సాయంత్రం ఇల్లు చేరాను. బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్న మనిషి మీ ఇంట్లోనూ ఉండి, ఆ మనిషిని చూడడానికి మీరూ నాలాగే బస్సెక్కుతుంటే, ఈ ప్రయాణం మీకు పనికొస్తుంది. నాలుగు రోజులు ఆగితే నా తప్పును నేనే చిన్నది చేసి రాస్తానేమో, అందుకే ఇవాళే రాస్తున్నాను.

నా చిన్న కూతురు పద్మకు ఏడాదిన్నర కింద హైదరాబాద్‌లో ఆ ఆపరేషన్ అయింది. అప్పుడు నూట పద్దెనిమిది కిలోలుండేది. నిద్రలో ఊపిరి ఆగిపోయేది. ముప్పై ఆరేళ్లకే మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కేది. ఇప్పుడు డెబ్బై నాలుగు కిలోలు. ఇంటికి పంపేరోజు డాక్టర్ చెప్పిన మాట నా నోటుపుస్తకంలో ఉంది: కడుపు చిన్నదైంది, తిండిలోని సత్తువ మునుపటిలా ఒంటికి పట్టదు, విటమిన్, ఐరన్, కాల్షియం మాత్రలు బతికున్నంత కాలం వేసుకోవాలి. ముప్పై రెండేళ్లు లెక్కల టీచరుగా పనిచేసినదాన్ని, ఆ మాటను గాలికి వదల్లేదు. రోజుకు మూడు మాత్రలు, నెలకు ఆరు పత్తాలు, పత్తా అంటే పదిహేను మాత్రల అట్ట. జనవరి మొదట్లో ఆరు నెలల మందు ఒకేసారి కొనిచ్చాను. నెలనెలా నేను సిరిసిల్ల వెళ్లినప్పుడు పద్మ ఆరు ఖాళీ పత్తాలు నా ముందు పెట్టేది, నేను లెక్కపెట్టి టిక్కు కొట్టుకునేదాన్ని. ఒక్క నెల కూడా లెక్క తప్పలేదు.

శుక్రవారం కోరుట్ల నుంచి ఫోన్ వచ్చింది. నా అల్లుడు రాజేశం మస్కట్‌లో ఉంటాడు. సిరిసిల్లలో మరమగ్గాలు ఆగిపోయి పని దొరకని ఏడాది వెళ్లాడు, తొమ్మిదేళ్లయింది. అక్కడ అతని గదిలోనే ఉండే లచ్చన్న ఇంటికి తిరిగి వచ్చాడట. "పెద్దమ్మా, నీ అల్లుడు ఒక డబ్బ ఇచ్చిండు. పద్మక్కకు ఇయ్యద్దన్నడు, నీ చేతికే ఇయ్యమన్నడు" అన్నాడు. ఏముందిరా అందులో అంటే, "నువ్వైతే రా, చూద్దువు" అని పెట్టేశాడు.

జగిత్యాల బస్టాండులో ఉదయం ఏడు పదికి కోరుట్ల బస్సు దొరికింది. ఆడవాళ్లు ఆధార్ చూపిస్తే చాలు, సున్నా టికెట్ ఇస్తారు. కండక్టర్ నా కార్డును అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఫోటోల గింత కోపమేంది పెద్దమ్మా, తీసినోన్ని కొట్టినవా ఏంది?" అన్నాడు. "టికెట్ కొట్టు ముందు, నీ సంగతి తర్వాత చూస్త" అన్నాను. బస్సంతా నవ్వింది. కిటికీ వైపు కూర్చోండి. కొత్తగా మొలకెత్తిన పసుపు చేలు వానకు తడిసి కళ్లకు హాయిగా ఉంటాయి. ముప్పావు గంటలో కోరుట్ల చేరాను. లచ్చన్న ఇల్లు బస్టాండు నుంచి పది నిమిషాల నడక.

అతను చిక్కిపోయి ఉన్నాడు. కంపెనీ మూడు నెలల జీతం ఆపేస్తే, ఇక చాలనుకుని వచ్చేశాడు. నా ముందు పెట్టింది రెండు కిలోల ప్లాస్టిక్ పచ్చడి డబ్బా. మూత తీస్తే మామిడికాయ వాసన ఇంకా వస్తూనే ఉంది. లోపల మాత్రం అన్నీ విడి మాత్రలు. ఎర్రవి, పచ్చవి, తెల్లవి. పోల్చుకోవడానికి నాకు అరనిమిషం పట్టింది.

"జనవరిల సెలవు ఒడిసి రాజేశన్న వాపసొచ్చేటప్పుడు పచ్చళ్లతోని పాటు పద్మక్క ఇది గూడ వెట్టింది" అన్నాడు లచ్చన్న. "'బలం గోలీలు, ఎండల పని చేస్తవు, రోజుకు మూడు మింగు' అన్నదట. పది దినాలు మింగిండు. గప్పుడు గా ఎర్ర గోలి చూసి గుర్తువట్టిండు, అక్క తన ముంగట మింగేదే గది. ఫోన్ చేసి అడిగితె, 'నేను వేరేయి కొనుక్కున్న తియ్యి, అమ్మకు చెప్తె నా మీద ఒట్టే' అన్నది. ఈయన నమ్మలే. గా దినం నుంచి ఒక్కటి ముట్టలే. నెలలు వోయినంక వీడియోల చూస్తె అక్క ఎంటికలు పల్చవడ్డయి. మేము 'బలం గోలీలంటవు, మాకన్న పెట్టరాదు' అని పరాచికాలాడితె పెట్టెల ఏసి తాళం ఏసిండు. ఒట్టున్నది గాబట్టి నీకు ఫోన్ల చెప్పలే, నేను వస్తున్ననంటె డబ్బ ఇచ్చిండు."

నేను అక్కడే చాప మీద కూర్చుని లెక్కపెట్టాను. ఐదు వందల పది ఉన్నాయి. ఆరు నెలలకు నేను కొన్నవి ఐదు వందల నలభై. పది రోజులకు ముప్పై పోతే మిగిలేవి అంతే. అల్లుడి మాట నిక్కచ్చిగా సరిపోయింది. నా కూతురు అన్ని మాత్రలనూ ఒకేసారి ఒలిచి డబ్బాలో పోసి, ముప్పై ఆరు ఖాళీ పత్తాలను దాచుకుని, నెలకు ఆరు చొప్పున నాకు చూపిస్తూ వచ్చిందన్నమాట.

"పేరు లేని విడి గోలీలు, నిన్ను ఎట్ల రానిచ్చిన్రు?" అని అడిగాను.

"రానిచ్చిన్రా! ఎయిర్‌పోర్టుల గంటసేపు కూసోవెట్టిన్రు. రాజేశన్న, పద్మక్క మందుల చీటి ఫోటో నా ఫోన్ల ఏసిండు గాబట్టి బయటవడ్డ. బరువు ఎక్కువైంది, ఏదన్న తీసెయ్యమన్నరు. నా బిడ్డకు కొన్న చాక్లెట్ల డబ్బ ఆడనే ఇడిసిపెట్టిన."

"ఇది ఇడిసిపెట్టకపోయినవా?"

"మాట ఇచ్చిన గద పెద్దమ్మా" అన్నాడు, నేనేదో తెలివితక్కువ ప్రశ్న అడిగినట్టు. కోరుట్ల బజారులో పెద్ద చాక్లెట్ డబ్బా ఒకటి కొని అతని కూతురి చేతిలో పెట్టి గాని నేను కదల్లేదు.

తొమ్మిదిన్నరకు వేములవాడ బస్సెక్కాను. నేరుగా సిరిసిల్ల వెళ్లే బస్సు కోసం చూస్తూ కూర్చోకండి. వేములవాడలో దిగితే సిరిసిల్లకు బస్సులు వెంటవెంటనే ఉంటాయి. సోమవారం మాత్రం వద్దు, గుడికి వచ్చే జనంతో నిలబడే చోటుండదు. పన్నెండుకు సిరిసిల్లలో దిగి ఆటో అడిగాను. "ఏ దిక్కమ్మా? మగ్గాల సప్పుడున్న దిక్కా, లేని దిక్కా?" అన్నాడు డ్రైవర్. ఉన్న దిక్కే అన్నాను. "అయితె నసీబున్నోల్లు. యాభై ఇయ్యి" అన్నాడు. బేరమాడలేదు.

పద్మ వాళ్ల మరిది షెడ్డులో కండెలు చుడుతోంది. మగ్గంలో అడ్డంగా నేసే దారాన్ని చిన్న కడ్డీలకు చుట్టే పని అది. నేను గుమ్మంలో ఉండగానే దారం తెగింది. తెగిన కొసలను ముడివేయడం ఇక్కడి ఆడవాళ్లకు రెప్పపాటు పని. చూడకుండా, మాట్లాడుతూనే వేస్తారు. పద్మ మాత్రం తలవంచి, కళ్లు చిట్లించి, మూడోసారికి గాని వేయలేకపోయింది. నేను వెళ్లి డబ్బా ముందు పెట్టాను.

"ఆయినె పంపిండా?" అంది, తల ఎత్తకుండానే.

"ముప్పై ఆరు పత్తాలు చూపెట్టినవు గదనే నాకు!"

"నువ్వు పత్తాలే అడిగినవమ్మా" అంది మెల్లగా. "ఆయిన గంత ఎండల ఇనుము మోస్తడు. నేను నీడన కూసోని కండెలు చుడుత. బలం ఎవలికి గావాలె? సన్నగైన, మంచిగైనవని వాడకట్టంత అంటున్నరు. నాకేం రోగమున్నదని మింగాలె?"

"చేతులు చూపెట్టు."

"వేళ్లు మొద్దువారినయి. అరికాళ్లల్ల చీమలు పారినట్టుంటది. రెండు నెలలాయె."

ఆ రెండు నెలల్లో నేను రెండుసార్లు ఆ ఇంటికి వచ్చాను. రెండుసార్లూ టిక్కు కొట్టుకుని వెళ్లాను.

నాలుగు గంటలకు డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. ఆమె పద్మ వేళ్ల మీద, పాదాల మీద దూదితో తాకి చూసింది, పరీక్షకు రక్తం తీయించి బీ12 ఇంజెక్షన్ ఇచ్చింది. తిట్టలేదు. "ఇవి బలం గోలీలు కావమ్మా" అని చెప్పింది. "మీ ఆయన కడుపు మంచిగ ఉన్నది, ఆయనకు అన్నంల నుంచే అన్నీ దొరుకుతయి. నీ కడుపు ఇప్పుడు అవి తీసుకోలేదు. సన్నగైనవు నిజమే, కాని లోపల నరాలు ఆకలితోని ఉన్నయి." నిన్న ఉదయం రిపోర్టు వచ్చింది. బీ12 బాగా తక్కువ, ఐరన్ కూడా తక్కువ. వేళ్లు మళ్లీ మునుపటిలా అవుతాయా అని అడిగాను. "తిరిగొచ్చే అవకాశమే ఎక్కువ. ఇంకా ఆలస్యం చేసుంటే ఈ మాట గూడ అనకపోదును" అంది.

పద్మ అక్కడి నుంచే రాజేశానికి ఫోన్ కలిపింది. "మా అమ్మ ముంగట ఇజ్జత్ తీసినవు గదయ్యా!" అని కయ్యానికి దిగింది. అటు నుంచి అతని మాట నాకూ వినబడింది: "నేను పడిపోతె కంపెనీ ఇంకొకన్ని వెట్టుకుంటది. నువ్వు పడిపోతె నాకు ఇంకో పద్మ ఏడ దొరుకుతది?" పద్మ ఫోన్ నా చేతికిచ్చి గోడ వైపు తిరిగింది.

నేను మనుషులకు మార్కులు వేయడంలో పిసినారిని. కానీ ఈ ప్రయాణంలో ముగ్గురికి పూర్తి మార్కులు వేశాను. తాళం వేసి దాచిన అల్లుడికి, బిడ్డ చాక్లెట్లు వదిలి మాట మోసుకొచ్చిన లచ్చన్నకు, తనకు అవసరమైనదాన్ని మొగునికి ఇంకా ఎక్కువ అవసరమనుకున్న నా కూతురికి. ఆమె లెక్క తప్పు, మనసు కాదు. నా లెక్క మాత్రం సరిగ్గానే ఉంది, చూడాల్సిన చోట చూడలేదు. నిన్న నేను బయలుదేరేటప్పుడు కూడా దారం ముడి మూడోసారికే పడింది.

వెళ్లేవాళ్లకు ఒక సలహా: మాత్రలను పత్తాల్లోంచి ఒలిచి తీసుకెళ్లకండి, మందుల చీటీ ఫోటో ఫోన్‌లో ఉంచుకోండి. విడి మాత్రలు గాలికి, తేమకు పాడవుతాయి. మా డబ్బాలోని ఐదు వందల పదినీ డాక్టరమ్మ పారేయించింది.

ఇక జరగాల్సినవి:

1. డాక్టరమ్మ రాసినన్ని ఇంజెక్షన్లు పద్మ ఒక్కటీ తప్పకుండా వేయించుకోవాలి.
2. ఐరన్ ఒక పూట, కాల్షియం ఇంకో పూట. రెండింటి మధ్య కనీసం రెండు గంటలు. చాయ్‌తో ఏదీ వద్దు.
3. మూడు నెలలకు మళ్లీ రక్తపరీక్ష. బాగుందన్నా సరే మాత్రలు ఆపకూడదు.
4. మస్కట్‌కు పోయే పచ్చడి డబ్బాలో పచ్చడే పోవాలి.
5. నేను ఫోన్ చేసినప్పుడు మొదట అడగాల్సింది పత్తాలెన్ని అని కాదు, "వేళ్లెట్లున్నయి బిడ్డా?" అని.