చెట్టుకప్ప గెలిచింది, నేను ఓడిపోయాను

గెలిచిన పోటీలో లేచి నిలబడి మరీ ఓడిపోవడం ఎలాగో తెలుసుకోవాలంటే నన్నడగండి. మొన్న గురువారమే చేసి చూపించాను.

పుదుచ్చేరిలో మా కాలేజీ డిబేట్ టీమ్‌లో ఒక్క సీటే మిగిలింది. నాకిది ఫైనలియర్, అంటే ఆఖరి ఛాన్స్. బరిలో నేనూ, సెల్వీ. టాపిక్: ఎప్పుడో అంతరించిపోయిన నవ్వుల గుడ్లగూబ గొప్పదా, మన బాత్‌రూమ్ గోడ మీది చెట్టుకప్ప గొప్పదా?

సెల్వి గుడ్లగూబ వైపు. పిచ్చిగా నవ్వినట్టు అరిచేదట, ఆ గొంతు ఇంకెవరూ వినలేరట. హాలంతా అయ్యో అంది. నాకు కప్ప మిగిలింది.

"పోయినదానికి కన్నీళ్లు, ఉన్నదానికి చీపురుదెబ్బలు. ఇదేం న్యాయం? గుడ్లగూబ మారలేక పోయింది. కప్ప మన బకెట్లోనే కాపురం పెట్టింది. అదీ పోయాక కూర్చుని వ్యాసాలు రాస్తారా?"

చప్పట్లు బాగానే పడ్డాయి.

జడ్జి మేడమ్ అంతవరకూ ఇంగ్లీషే మాట్లాడారు. తీర్పు దగ్గర నవ్వుతూ తమిళంలోకి దిగారు. యానాం నుంచి వచ్చి రెండేళ్లయినా నా తమిళం బస్ టికెట్ దాటలేదు. పైగా హాస్టల్లో నన్ను పిలిచేదే 'ఆంధ్రా' అని. నాకు వినబడింది ఇదీ: ఆంధ్రాకి అరవడమే తెలుసు, బతకడం తెలీదు. అందరూ నవ్వారు.

ఒళ్లు మండింది. లేచాను.

"మేడమ్, ఇది నా వాదన మీద తీర్పా, మా ఊరి మీదా? అసలు యానాం కూడా పుదుచ్చేరిదే, ఆ సంగతి ఇక్కడ ఎంతమందికి తెలుసు?"

రెండు నిమిషాలు దంచాను. సెల్వి నోరు తెరుచుకుని చూస్తోంది. వెనక నుంచి ఎవరో చున్నీ లాగారు. జూనియర్ మహేశ్వరి, ఈ ఊళ్లోని నెల్లితోపు పేట తెలుగు పిల్ల, తాతల కాలం నుంచీ ఇక్కడే.

"ఏందక్కా నువ్వు, ఆంధ్రా యాడుండాది దీంట్లో? ఆ యమ్మ చెప్పింది ఆందై. ఆందై అంటే గుడ్లగూబ. నువ్వు గెలిచినావనే చెప్తా ఉండింది."

కూర్చున్నాను. మళ్లీ లేచి సారీ చెప్పాను. మేడమ్ కాగితం మీద ఏదో కొట్టేశారు.

"డిబేట్‌లో మాట్లాడటం సగమేనమ్మా. మిగతా సగం వినడం," అని ఇంగ్లీషులో అన్నారు, నాకు అర్థం కావాలని కాబోలు.

సీటు సెల్వికి వెళ్లింది. ఎవరూ అనని మాటకి నేనే నన్ను అవమానించుకున్నాను. ఆ మంట ఎవరి మీద తీర్చుకోను?

టీమ్ వెళ్లాల్సిన ఇంటర్ కాలేజీ పోటీలు ఈసారి మా హాల్లోనే. నాకూ ఓ పని అప్పగించారు. టైమ్ అవగానే గంట కొట్టాలి. నోరు మాత్రం మెదపకూడదట.